పేరు తప్పిన మొక్కతో ఢిల్లీకి

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలియగానే కర్నూల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, తాజ్‌మహల్ చూశావా అని. అది ఆగ్రాలో కదా అంటే, ఆగ్రా పక్కనే కదా, అంత దూరం పోయి చూడకుండా ఎట్లా వచ్చావని రెండో ప్రశ్న. ఎర్రకోటను బస్సు కిటికీలోంచి చూశాను. కుతుబ్ మినార్‌ను అట్లా కూడా చూడలేదు. నేను చూసింది ఒక చీకటి గది, ఎండిన మొక్కలు దాచిన బీరువాలు, మిరపకాయల ఘాటుకు కళ్లు మండే ఒక బజారు. అక్కడికి ఎందుకు వెళ్లానో, ఏం తెలుసుకుని వచ్చానో చెప్పమని అడిగినవాళ్లు తక్కువ. అడగనివాళ్ల కోసమే రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్తాను. పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పాక, నలభైకి దగ్గర పడుతున్నప్పుడు పిహెచ్.డి.లో చేరాను. మా గైడు నాగభూషణం గారు అప్పటికే రిటైరయ్యే వయసులో ఉన్నారు. నేను ఎంచుకున్న మొక్క నేల ఉసిరి. పచ్చకామెర్లకు మన పల్లెల్లో తరతరాలుగా నూరి ఇచ్చేది అదే. దాని కషాయం ఎలుకల కాలేయాన్ని ఎట్లా కాపాడిందో ఈ ప్రయాణానికి రెండేళ్ల ముందు మేమిద్దరం ఒక పత్రికలో వ్యాసం రాశాం. ఆ తర్వాత అదే కషాయాన్ని వెండి ఉప్పు కరిగించిన నీళ్లలో కలిపి చూశాను. ఒక గంటలో నీళ్లు లేత పసుపుకు, తర్వాత తేనె రంగుకు తిరిగాయి. కంటికి కనిపించనంత సన్నని వెండి కణాలు పుట్టాయని మా నమ్మకం. నానో అనే మాట అప్పుడప్పుడే మా వైపుకు వస్తోంది. యూనివర్సిటీ కమిటీలో ఒక పెద్దాయన మాత్రం, "అది ఆకు రంగేనమ్మా, వెండి కాదు. ఫొటో చూపించు, ఒప్పుకుంటాం" అన్నారు. అంత సూక్ష్మమైనవాటిని ఫొటో తీసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మాకు అందుబాటులో లేదు. ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థ ఒక్క రోజు సమయం ఇచ్చింది. ఇవ్వడానికి ఏడు నెలలు పట్టింది.

అట్లా నిరుడు సెప్టెంబరులో, నల్ల కాగితం చుట్టిన ఆరు సీసాలతో బయల్దేరాను.

రైలులో

సికింద్రాబాదులో ఉదయం ఎక్కితే మర్నాడు ఉదయం ఢిల్లీ. సీసాలున్న సంచిని ఒళ్లోంచి దించలేదు. నా ఎదుటి సీటులో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆమె పేరు సాయమ్మ. భర్త దుప్పటి కప్పుకుని కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కడుపు ఉబ్బి ఉంది. ఢిల్లీలో పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు.

బల్లార్షా దాటేసరికి టీ రుచి మారింది. అల్లం ఎక్కువ, పాలు తక్కువ, కప్పు మూడు రూపాయలు. సాయమ్మ జొన్నరొట్టె, పండుమిరప తొక్కు ఇచ్చింది. నేను పులిహోర పెట్టాను. తింటూ నా వేళ్ల వంక చూసింది. వెండి ఉప్పు పడ్డ చోట చర్మం నల్లబడి, ఎంత తోమినా వారం దాకా పోదు.

"ఏం పని చేస్తవక్కా, వేళ్లు గట్ల మాడినయి?"

చెప్పాను. మొక్కల మీద పరిశోధన అన్నాను. కామెర్ల మొక్క అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమె చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"గా సంచిల ఉన్నది కామెర్ల మందేనా? జరంత మా ఆయనకియ్యరాదక్కా. రెండు చెంచాలు. నీ కాల్మొక్త."

"ఇది మందు కాదమ్మా. ఇందులో వెండి ఉంది, తాగకూడదు."

"మరి మొక్క పేరన్న చెప్పు."

నాలో ఉన్న పంతులమ్మ లేచి కూర్చుంది. "నేల ఉసిరి. దాని మీద మేం పుస్తకంలో రాశాం" అన్నాను కొంచెం గర్వంగానే. డాక్టర్లు ఏం చెప్తే అదే చేయమని కూడా చెప్పాను గానీ, ఆమె ఆ మాట విన్నట్టు లేదు. "నేల ఉసిరి, నేల ఉసిరి" అని మరిచిపోకుండా రెండుసార్లు అనుకుంది. "పసరు మందులమ్మే దుకాన్ల దొరుకుతదా?"

"దొరుకుతుంది" అన్నాను. నేను కూడా దుకాణంలోనే కొన్నాను మరి.

అశోకా రోడ్డులో భోజనం

మన రాష్ట్రం గెస్ట్‌హౌస్‌లో గది దొరికింది. కాలేజీ ప్రిన్సిపాల్ గారి ఉత్తరం పని చేసింది. మధ్యాహ్నం భోజనాల హాలు ముందు వరుస చూస్తే ఢిల్లీ అంతా ఇక్కడే తింటోందా అనిపించింది. టై కట్టుకున్న సర్దార్జీ ఒకాయన పప్పన్నంలో గోంగూర కలుపుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ, మళ్లీ అడుగుతున్నాడు. ఉల్లిపాయల ధర మండిపోతున్న రోజులు. సాంబారులో ఉల్లి బదులు ముల్లంగి. వడ్డించే అతను అడక్కుండానే, "ఉల్లి గురించి అడక్కండి మేడమ్, బంగారం కొట్లో అమ్ముతున్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇండియా గేటు దాకా నడిచి వెళ్లొచ్చు. వెళ్లలేదు. గదిలో కూర్చుని ఆరు సీసాలూ తీసి లైటుకు పెట్టి చూశాను. ఏదీ తేటపడలేదు, అడుగున ఏమీ దిగలేదు. అంత దూరం కుదుపులకు తట్టుకుని వచ్చాయి.

చీకటి గది

మైక్రోస్కోపు చూసే ఉద్యోగి సేథీ గారు. ఇంకో సంవత్సరంలో రిటైరవుతారు. నా హిందీ అంతంత మాత్రం, ఆయన ఇంగ్లిష్ పొడి పొడిగా. ఇద్దరం కలిపి ఒక భాష చేసుకున్నాం. ముందు ఒక ఫారం ఇచ్చారు. అన్నీ నింపాను. 'మొక్కను గుర్తించినవారు' అనే గడి దగ్గర కలం ఆగింది.

"అది తర్వాత నింపండి మేడమ్. వెనక బిల్డింగులో మొక్కల విభాగం ఉంది, అక్కడ మీ ఆంధ్రా మేడమ్ ఒకరున్నారు. సంతకం పెడతారు. ఫార్మాలిటీ హై."

ఒక రాగి జల్లెడ ముక్క, బొట్టు బిళ్ల కంటే చిన్నది. దాని మీద నా ద్రావణం ఒక్క చుక్క. అది ఆరాక యంత్రం గొంతులోకి పంపి, గాలి అంతా లాగేసి, దీపాలార్పారు. ఆకుపచ్చగా వెలిగే చిన్న తెర మీద ఇద్దరం తలలు వంచాం.

"కుఛ్ నహీ హై మేడమ్. అంతా నలుపే."

నిజమే. తారు పూసినట్టుంది. రెండో సీసా కూడా అంతే. మూడోది పెట్టేలోగా కరెంటు పోయింది. లోపలికి గాలి చొరబడింది, మళ్లీ మొదటి నుంచి లాగాలి, మూడు గంటలు పడుతుందన్నారు. నా ఒక్క రోజులో సగం పోయింది. సేథీ గారు తన డబ్బా తెరిచి ముల్లంగి పరాఠా సగం తుంచి నా చేతిలో పెట్టారు. "తినండి. ఆకలితో చూస్తే కణాలు కనిపించవు."

తింటూ అడిగారు, కషాయం ఎంత చిక్కగా కాచానని. చెప్పాను. తల పట్టుకున్నారు. "ఆకు జిగురు మొత్తం అందులోనే ఉంది. మీరు గుడ్డ కప్పి ఫొటో తీయమంటున్నారు!" ద్రావణాన్ని తనే శుభ్రమైన నీళ్లతో ఇరవై వంతులు పలచన చేశారు.

సాయంత్రం ఐదు దాటాక తెర మీద మొదటి చుక్క కనిపించింది. తర్వాత పది. తర్వాత లెక్కపెట్టలేనన్ని. గుండ్రంగా, నల్లగా, ఒకదాన్నొకటి అంటుకోకుండా, ఆవాలు చల్లినట్టు. ఒక్కొక్కటి తలవెంట్రుక మందంలో నాలుగువేలవ వంతు. రెండేళ్లు ఉన్నాయని నమ్మి చూడనివాటిని చూస్తున్నాను. "అచ్ఛా హై, బహుత్ అచ్ఛా హై" అంటూ ఆయన ఒక్కో ఫొటో తీశారు, మొత్తం పన్నెండు.

ఆ రాత్రి ఎనిమిదింటికే పడుకుని, తెల్లారేదాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

కాయకు కాడ ఏదమ్మా

మర్నాడు సంతకం కోసం వెనక బిల్డింగుకు వెళ్లాను. 'మీ ఆంధ్రా మేడమ్' అంటే డాక్టర్ మాణిక్యాంబ గారు. కాకినాడ ఆవిడ. ముప్పై ఏళ్లుగా ఢిల్లీలో ఉన్నా మాటలో గోదావరి పోలేదు. గదంతా బీరువాలు, వాటిలో కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు, నాఫ్తలీన్ ఉండల వాసన.

"కర్నూలా? కూర్చోమ్మా. మొక్క తెచ్చావా, పొడేనా?"

పొడి కొట్టక ముందు తీసి పెట్టిన ఎండు కట్ట ఒకటి తెచ్చాను. కాగితం విప్పి ఇచ్చాను. ఆవిడ ఒక రెమ్మ విరిచి వేడినీళ్ల గిన్నెలో వేశారు. నాన్చితే ఎండిన మొక్క మళ్లీ విచ్చుకుంటుందట. ఈలోగా మా అమ్మానాన్నల గురించి, కర్నూలు ఎండల గురించి అడిగారు. తర్వాత రెమ్మను పళ్లెంలో పరిచి, భూతద్దం పెట్టి చూశారు. చూస్తూనే ఉన్నారు. కలం తీయలేదు.

"నేల ఉసిరని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మూలికలమ్మే శెట్టి గారండీ. మా ఊళ్లో అందరూ ఆయన దగ్గరే కొంటారు."

"ఇలా రా. కాయకు కాడ ఏదీ?"

చూశాను. ఆకు వెనక వరుసగా ఆవగింజంత కాయలు. కొమ్మకే అంటుకుని ఉన్నాయి.

"నేల ఉసిరి కాయ చిన్న కాడతో వేలాడుతుంది. తొక్క నున్నగా ఉంటుంది. ఇదేమో కాడ లేదు, పైన గరుకు. కాండం చూడు, ఎర్ర ఛాయ. ఇది ఎర్ర నేల ఉసిరి. అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఒకటి కాదు."

"దీనికి మందు గుణం లేదాండీ?"

"ఉందంటారు. ఉండొచ్చు కూడా. నువ్వు రాసింది దీని పేరు కాదు కదమ్మా."

వ్యాసం ఎప్పుడు వచ్చిందని అడిగారు. రెండేళ్లయిందన్నాను. అదే కట్ట, అదే పొడి, అదే శెట్టి. నాకు రైల్లో సాయమ్మ గుర్తొచ్చింది. మరిచిపోకుండా రెండుసార్లు అనుకున్న పేరు. పక్కన పసుపు కళ్లతో ఆ మనిషి. మా వ్యాసం చదివి ఇంకా ఎవరెవరికి ఎవరెవరు ఆ పేరు చెప్పారో!

"ఉసిరి జాతి అని మాత్రం రాసి సంతకం పెట్టగలరా?" అని అడిగాను. అడిగానని రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

ఆవిడ కోప్పడలేదు. లేచి, ఒక బీరువా తెరిచి, పాతబడిన ఒక అట్ట తెచ్చి నా ముందు పెట్టారు. మొక్క కింద ఒక చీటీ, దాని మీద ఒక పేరు, ఆవిడ సంతకం. పక్కనే ఇంకో చీటీ, వేరే పేరు, మళ్లీ ఆవిడ సంతకమే.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్పు రాశాను. నాలుగేళ్లకు తెలిసింది. ఇక్కడ పాత చీటీ చింపకూడదమ్మా. దాని పక్కనే కొత్తది అతికించాలి. తప్పు కూడా కనపడుతూనే ఉంటుంది. మొదట్లో ఈ బీరువా తెరవాలంటే ప్రాణం పోయేది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ముందు ఇదే చూపిస్తాను."

ఫారంలో తను చూసిన పేరే రాశారు. ఆ సాయంత్రం క్వార్టర్స్‌కు తీసుకెళ్లి పెసరట్టు వేసిపెట్టారు. ఉల్లి లేదు, జీలకర్ర, అల్లమే. కాలేజీలో చదివే వాళ్లమ్మాయి నన్ను ఆంటీ అని పిలిచి పక్కనే కూర్చుంది. తల్లి తెలుగులో అడిగినవాటికన్నింటికీ హిందీలోనే జవాబిచ్చింది. ఒక్కటి మాత్రం తెలుగులో అడిగింది: "ఆంటీ, మీరు ఎందుకు ఏడ్చారు?" ఏడవలేదని చెప్పాను.

ఖారీ బావ్లీ

మాణిక్యాంబ గారి భూతద్దం అప్పు తీసుకుని నాలుగో రోజు పాత ఢిల్లీకి వెళ్లాను. శెట్టి గారొక్కరేనా, అందరూ ఇంతేనా తెలుసుకోవాలనిపించింది. మసాలాలు, మూలికలు అమ్మే ఖారీ బావ్లీ బజారులో అడుగు పెట్టగానే తుమ్ములు. మూటలు మోసే హమాలీలు తుమ్ముతున్నారు, కొనేవాళ్లు తుమ్ముతున్నారు, అమ్మేవాళ్లకు మాత్రం ఏమీ లేదు. మన గుంటూరు మిర్చి బస్తా మీద తెలుగు అక్షరాలు చూసి ఒక్క క్షణం అయినవాళ్లు కనిపించినట్టయింది.

నేల ఉసిరిని వాళ్లు భుయీ ఆంవ్లా అంటారు. మూడు దుకాణాల్లో అడిగాను. మూడు పొట్లాలు వచ్చాయి. వీధి చివర ఒక మెట్టు మీద కూర్చుని భూతద్దంతో చూశాను. మొదటి దాంట్లో కాయలకు కాడలున్నాయి, అసలుది అదే. రెండోది నాదే, ఎర్రది. మూడోది రెండూ కలిసినది, మధ్యలో ఏదో గడ్డి కూడా. వెనక్కి వెళ్లి మూడో దుకాణం లాలాజీకి చూపించాను. తెల్ల మీసాల పెద్దాయన. నవ్వలేదు, దబాయించలేదు.

"బెహన్‌జీ, అడవి నుంచి ఏరేవాళ్లు తెస్తారు. వాళ్లు పేరు చెప్తారు, నేను పేరు చెప్తాను, వైద్యుడు పేరు చెప్తాడు. కాయ తిప్పి చూసినవాళ్లు ఈ గద్దె ముందుకు మీరే మొదట వచ్చారు."

నేను మాత్రం ఎక్కడ తిప్పి చూశాను! ఎవరో చూపిస్తే చూశాను.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి బస్సెక్కాను. సాయమ్మను వెతకాలనిపించింది. పేవ్‌మెంటు మీద దుప్పట్లు పరుచుకుని, కిరోసిన్ స్టవ్‌లు పెట్టుకుని ఎన్ని రాష్ట్రాల మనుషులో. కార్డులిచ్చే కిటికీ దగ్గర ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, "రోజూ వస్తారు, ఎవరని చెప్పమంటారు?" అన్నాడు గుమస్తా. రెండు గంటలు తిరిగాను. కనపడలేదు. ఆ మనిషి ఏమయ్యాడో నాకు తెలియదు. ఇకమీదట తెలిసే దారి కూడా లేదు.

ఎస్టీడీ బూత్

నాగభూషణం గారికి ఫోన్ చేయకుండా రైలెక్కలేను. గెస్ట్‌హౌస్‌కు కొంచెం దూరంలో ఉన్న బూత్‌లో అద్దాల తలుపు మూసుకుని నంబరు తిప్పాను. ఆయనే ఎత్తారు.

"కణాలు కనిపించినాయా?" అదే మొదటి మాట.

"కనిపించాయి సార్. బాగా కనిపించాయి." కాసేపు ఆయన సంతోషాన్ని విన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. కాయ, కాడ, ఎర్ర కాండం, మూడు పొట్లాలు. లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఉన్నాన్లేమ్మా. ఆ మేడమ్ సరిగ్గా చూసిందంటావా?"

"చూపించారు సార్. నేను చూశాను."

"ఇప్పుడు మనం చెప్పకపోతే?"

"ఎవరికీ తెలీదు సార్."

రిటైరైన ఏడాదే ఆయనకు ఆ వ్యాసం మీద సన్మానం చేశారు. నేను కూడా ఆ వేదిక మీద ఉన్నాను. శాలువా ఆయన భుజాల మీంచి జారుతుంటే సర్దింది నేనే.

"పత్రికకు ఉత్తరం రాయి" అన్నారు చివరికి. "వ్యాసంలో నీ పేరు ముందు పెట్టినాం గదా. ఈ ఉత్తరంలో నా పేరు ముందు పెట్టు. గైడును నేను. చూడాల్సింది నేను."

"కొన్నది నేను సార్."

"చెప్పిన మాట విను."

చాలా ఏళ్లుగా ఆయన చెప్పిన మాట విన్నాను. ఈ ఒక్కటి వినలేదు. గదికి వచ్చి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాల ఉత్తరం రాయడానికి సాయంత్రం అంతా పట్టింది. మేము వాడిన మొక్క నేల ఉసిరి కాదని, అది ఏదో, గుర్తించినది ఎవరో, పొరపాటు బాధ్యత ఎవరిదో. కింద నా పేరు ముందు రాసి, ఆయన సంతకానికి చోటు వదిలాను.

మళ్లీ కర్నూలు

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. పన్నెండు ఫొటోలు, మూడు పొట్లాలు, ఒక ఉత్తరం. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా సార్ ఇంటికి వెళ్లాను. ఊరికి చివర, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్ల మధ్య ఉంటారు. ముందు రోజు వాన పడింది. ఆయన ఉత్తరం చదివారు. పేర్ల వరుస చూశారు. సంతకం పెట్టారు. ఫొటోలు టేబుల్ మీద అట్లాగే ఉన్నాయి, అప్పటికి ఇద్దరం వాటి జోలికి పోలేదు.

ఆ ఉత్తరం పత్రికలో ఒక పేజీ అడుగున వచ్చింది. నా థీసిస్ ఒక సంవత్సరం పైగా వెనక్కి పోయింది. ఎలుకల పని, వెండి పని, అన్నీ రెండు మొక్కలతో విడివిడిగా మళ్లీ చేస్తున్నాను. ఎర్రది కూడా కణాలను ఇస్తోంది, అసలుది కూడా ఇస్తోంది. కాలేయం సంగతి ఇంకా తేలలేదు. తేలకముందే మొక్క పేరు ఎవరైనా అడిగితే చెప్పడం మానేశాను.

ఆ రోజు సంతకం పెట్టాక సార్ చెప్పులేసుకుని, "ఆ భూతద్దం ఉందా?" అని అడిగారు. మాణిక్యాంబ గారు నాకే ఉంచుకొమ్మన్నారు, సంచిలో ఉంది. ఇద్దరం ఇంటి వెనక ఖాళీ ప్లాటులోకి నడిచాం. వానకు మొలిచిన కలుపు మధ్య ఆయన కష్టంగా మోకాళ్ల మీద కూర్చుని ఒక చిన్న మొక్కను పెరక్కుండా వేళ్లతో వంచారు. నేను అద్దం పట్టాను. ఆకు వెనక చిన్న కాయ. దానికి సన్నటి కాడ. గాలికి ఊగుతోంది.

ఆయన చాలాసేపు చూశారు.

"ముప్పై ఏండ్లుగా ఆకును పొడిగానే చూసినానమ్మా" అన్నారు. "చెట్టుగా చూసేది ఇదే మొదటిసారి."